నాన్న ఇంట్లో ఉండే మూడు నెలలు

ఏడో తరగతి నుంచి పదో తరగతి వరకూ నాకు వేసవి సెలవులంటే ఇష్టం ఉండేది కాదు. ఆఖరి పరీక్ష రాసి బయటికి రాగానే మా క్లాసు పిల్లలు ఒకరి మీద ఒకరు సిరా జల్లుకుని కేరింతలు కొట్టేవారు. నేను మాత్రం పరీక్ష అట్టా, పెన్నులూ సర్దుకుని మెల్లగా ఇంటికి నడిచేదాన్ని. సెలవులిచ్చిన రెండు మూడు వారాల్లో నాన్న వస్తాడు. నాన్న వచ్చాక ఇంట్లో దెబ్బలాటలు మొదలవుతాయి.

మా వైపు దెబ్బలాటంటే మాటల తగువే. నాన్న అమ్మని కొట్టిన మనిషి కాదు, తాగి వచ్చిన మనిషీ కాదు. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే మా ఇంటి సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు అలాంటిదేదో ఊహించుకుని నా మీద జాలిపడతారు. అంత జాలి పడాల్సినదేమీ జరగలేదు. జరిగిందేదో చిన్నదే. కానీ అది జరిగినప్పుడు నేనూ చిన్నదాన్నే.

మాది భావనపాడు దగ్గర సముద్రం ఒడ్డునున్న ఊరు. మా ఊళ్ళో సగం మంది మగవాళ్ళు గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్లలో చేపల వేటకి పనిచేస్తారు. ఆగస్టులో రైలెక్కితే అక్కడ వేట ఆపేదాకా, అంటే మళ్ళీ మే నెల దాకా, ఇంటి మొహం చూడరు. నేను పుట్టకముందు నుంచీ నాన్న అలాగే వెళ్ళేవాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు మా ఇల్లంటే అమ్మా, నేనూ, నాకంటే మూడేళ్ళు చిన్నదైన చెల్లీ.

ఆ తొమ్మిది నెలలూ నాన్న ఫోనులో ఉండేవాడు. బోటు సముద్రంలో ఉన్నన్నాళ్ళు సిగ్నలు దొరకదు. పది పదిహేను రోజులకోసారి హార్బరుకి వచ్చినప్పుడు సాయంత్రం ఫోను చేసేవాడు. అమ్మ స్పీకరు పెట్టి ఫోనుని బియ్యం డబ్బా మీద నిలబెట్టేది. మేం ముగ్గురం చుట్టూ కూర్చునేవాళ్ళం. ఏం వండారు, ఎవరింట్లో పెళ్ళి, చెల్లికి ఊడిన పన్ను మళ్ళీ వచ్చిందా అని నాన్న అన్నీ అడిగేవాడు. అమ్మ ఎవరినో అనుకరించి చూపిస్తే అటు నుంచి నాన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నట్టు వినబడేది. ఫోను పెట్టేసే ముందు అమ్మ ప్రతిసారీ "బేగొచ్చీ మావా" అనేది. ఆ మాట అబద్ధం కాదు. నిజంగా రమ్మనే అనేది.

నాన్న వచ్చిన రోజు పండగే. పలాసలో రైలు దిగి, ఆటోలో సంచులతో దిగేవాడు. అమ్మకి గుజరాతీ చీర, మాకు చెప్పులు, రంగు రంగుల ప్లాస్టిక్ డబ్బాలు. ఆ రోజు అమ్మ కానాగంతల పులుసు వండి, చేపలు సరిగా కుదిరాయో లేదో అని తను కంచంలో పెట్టుకోకుండా నాన్న మొహం చూస్తూ కూర్చునేది. రెండో రోజు చుట్టాలొచ్చేవారు. మూడో రోజుకో నాలుగో రోజుకో మొదలయ్యేది.

నేను ఏడో తరగతి పూర్తి చేసిన సెలవుల్లో అది మంచం దగ్గర మొదలైంది. మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కిటికీ కింద నాన్న మంచం ఉండేది. అమ్మ తెల్లవారుజామునే ఒడ్డుకి వెళ్ళి చేపలు కొని, తట్టలో పెట్టుకుని ఆటోలో టెక్కలి వెళ్ళి వీధి వీధి తిరిగి అమ్మేది. ఇంటికొచ్చాక తట్టలూ కత్తిపీటా ఐసు డబ్బా పెట్టుకోవడానికి జాగా కావాలని ఆ ఏడు మంచాన్ని వెనక గదిలోకి జరిపింది. నాన్న వచ్చిన నాలుగో రోజు ఒక్కడే దాన్ని ఈడ్చి మళ్ళీ కిటికీ కింద వేశాడు. అమ్మ టెక్కలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా డబ్బా ఎక్కడెట్టినావు?"

"పెరట్లో ఉన్నాది."

"ఎండలోనా? ఐసు కరిగిపోదా?"

"మరి నా మంచం ఎక్కడేసినావు నువ్వు? నా ఇంటికి నానొచ్చానా, సుట్టమింటికొచ్చానా?"

"తొమ్మిది నెల్లు ఈ ఇంట్లో ఉన్నది నాను. నీకేటి తెలుసు ఇక్కడ ఏది ఎక్కడుండాలో?"

అంతే. పెద్ద మాటలేమీ కావు. కానీ అక్కణ్ణుంచి నువ్వు లేనప్పుడు నేను ఇది చేశాను, నువ్వుండీ అది చేయలేదు అని మొదలై, పెళ్ళినాటి సంగతుల దాకా వెళ్ళేది. అమ్మ గొంతు వీధి చివరికి వినబడుతుంది. చేపలు అమ్మిన గొంతది. నాన్న అరవడు. కనుబొమలు దగ్గరికి తెచ్చి, పళ్ళ బిగువున మాట్లాడతాడు. తరవాత రెండ్రోజులు ఇద్దరికీ మాటలుండవు. మూడో రోజు ఏదో వంకన కలుస్తారు. ఆ తరవాత వారం గడవదు, మళ్ళీ ఇంకొకటి. టీవీ, పొయ్యి, చెల్లి జుట్టు, మేనమామ ఇంటికి వెళ్ళడం, ఏదైనా సరే.

నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. ఫోనులో అంత బాగా ఉండే ఇద్దరూ ఎదురుగా ఉంటే ఎందుకిలా అవుతారు? ఫోనుకీ ఇంటికీ ఉన్న తేడా ఏమిటని లెక్క వేసుకుంటే నాకు తోచింది మేమే. ఇంట్లో మేమున్నాం. అందులోనూ నేను.

అలా అనుకోవడానికి నాకో ఆధారం కూడా దొరికింది. నా గొంతు అమ్మ గొంతు. కాస్త బొంగురుగా, గట్టిగా ఉంటుంది. నా కనుబొమలు నాన్నవి. కోపం వస్తే దగ్గరికి వస్తాయి. దెబ్బలాట అయిన రోజుల్లో నేను చెల్లిని పిలిచినా నాన్న తల తిప్పి, "ఆ గొంతేటే? అచ్చు మీయమ్మే" అనేవాడు. ఏదైనా పని చెప్పినప్పుడు నేను కాస్త ముఖం చిట్లిస్తే అమ్మ, "సూడు ఆ సూపు. అచ్చు మీ నాన్నే" అనేది. ఇద్దరూ కోపంలో అన్న మాటలే. అన్నవాళ్ళకి మర్నాటికి గుర్తుండవు. నాకు మాత్రం అద్దంలో చూసుకుంటే ఇంకేమీ కనబడేది కాదు. పై సగం అమ్మకి పడనిది, నోరు తెరిస్తే నాన్నకి పడనిది.

పద్నాలుగేళ్ళ వయసులో నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇద్దరిలో ఎవరిలానూ ఉండకూడదు.

గట్టిగా మాట్లాడడం మానేశాను. అప్పటిదాకా స్కూల్లో పొద్దున్న ప్రార్థన దగ్గర ప్రతిజ్ఞ చెప్పించేది నేనే. మైకు పాడైనా ఆఖరి వరస దాకా వినబడుతుందని హెడ్మాస్టరు గారు నన్నే పిలిచేవారు. తొమ్మిదో తరగతిలో చేరగానే గొంతునొప్పని చెప్పి తప్పుకున్నాను. క్లాసులో పాఠం చదవమంటే సణుగుతున్నట్టు చదివేదాన్ని. కోపం తెచ్చుకోవడమూ మానేశాను. నా జామెట్రీ బాక్సు తీసుకున్న అమ్మాయి నెల దాటినా ఇవ్వలేదు. అడిగితే మొహం చిట్లిస్తానేమోనని అడగలేదు. లెక్కల పరీక్షలో కంపాసు లేకుండా గాజు పెట్టి వృత్తం గీశాను. నవ్వడం కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. మా క్లాసులో నాకు పిల్లి అని పేరు పెట్టారు.

ఇంట్లో ఇంకో ప్రయత్నం చేశాను. నేను మంచిగా ఉంటే వాళ్ళు దెబ్బలాడుకోరు అనుకున్నాను. నాన్న వచ్చాక ఎవరూ చెప్పకుండానే అంట్లు తోమేదాన్ని, నీళ్ళు పట్టేదాన్ని. ఇద్దరి మొహాలూ చూస్తూ ఉండేదాన్ని. అమ్మ తట్ట దింపే చప్పుడుని బట్టి ఆమె ఎలా ఉందో చెప్పగలిగేదాన్ని. నాన్న బీడీ వెలిగించుకోకుండా చేతిలో తిప్పుతున్నాడంటే ఇంకో అయిదు నిమిషాల్లో ఏదో అంటాడని తెలిసేది. అప్పుడు అడ్డం పడి ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. స్కూలు సంగతో, పక్కింటి మేక సంగతో.

తొమ్మిదిలో క్లాసుకి మొదటి మార్కు తెచ్చుకున్నాను. ప్రోగ్రెస్ కార్డు ఇద్దరూ ఉన్నప్పుడు చూపించాలని మే నెల దాకా దాచి, నాన్న వచ్చిన వారానికి బయటపెట్టాను. నాన్న రెండుసార్లు చదివించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదీ! నా బుర్రొచ్చింది దీనికి. నాను అయిదో తరగతిలో ఫస్టు."

అమ్మ తట్ట కడుగుతోంది. చెయ్యాపింది.

"నీ బుర్రా? దీపమెట్టుకుని పక్కన కూకుని సదివించింది నాను. నువ్వు ఫోన్లో సదివించినావా?"

ఆ దెబ్బలాట మూడు రోజులు సాగింది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఇంతకన్నా చేయగలిగింది నా దగ్గరేమీ లేదని మాత్రం తెలిసింది.

మా చెల్లి దారి వేరు. గొంతులు పెరగడం మొదలయ్యేసరికి అది గోడ దూకి ఎవరింటికో పోయేది. ఎక్కడ పిలిస్తే అక్కడ తినేది, ఎక్కడ చాప కనిపిస్తే అక్కడ పడుకునేది. దానికి సిగ్గులేదని నేను కోప్పడేదాన్ని, లోపల్లోపలే. నిజానికి నాకు దాన్ని చూస్తే అసూయ.

మా ఇంటికి రెండిళ్ళ అవతల మా అత్త ఉండేది. నాన్నకి అక్క. మామయ్య పోయాక ఒక్కతే చేపలు ఎండబెట్టి అమ్మేది. పదో తరగతి పరీక్షలైన సెలవుల్లో నేను పొద్దున్నే అత్త దగ్గరికి వెళ్ళి, ఇసకలో పరిచిన వలల మీద చేపలు తిరగేయడానికి సాయం చేసేదాన్ని. ఇంట్లో ఉండక్కర్లేదని వెళ్ళేదాన్ని. అత్తకి ఆ సంగతి తెలుసు, అడగలేదు. ఒకరోజు కాకులు చేపల మీద వాలుతుంటే నేను చేతులూపుతూ "హుష్, హుష్" అంటున్నాను. అత్త నడుం మీద చెయ్యేసుకుని నిలబడి చూసింది.

"ఏటే కోడలా, కాకులకి జోల పాడతన్నావా? గట్టిగా అదిలించు."

"నా గొంతింతే అత్తా."

"అబద్దాలాడకు. సిన్నప్పుడు నువ్వేడిస్తే మా ఇంట్లో నిద్దరుండేది కాదు. ఏటయిందా గొంతుకి?"

ఎందుకో ఆ రోజు చెప్పేశాను. గట్టిగా మాట్లాడితే అమ్మలా ఉందని నాన్న అంటాడనీ, కోపమొస్తే నాన్నలా ఉన్నానని అమ్మ అంటుందనీ. చెప్తూ ఏడ్చాను కూడా. అత్త దగ్గరికి తీసుకుంటుందేమో అనుకున్నాను. తీసుకోలేదు. చేతికి చేపల వాసన, చీరకి పొలుసులు. అక్కడే ఇసకలో కూర్చుని పడీ పడీ నవ్వింది.

"ఓలమ్మ, ఆ గొంతు మీయమ్మదని ఎవులు సెప్పినారు? అది మీ అమ్మమ్మది. ఆవిడ ఒడ్డు మీద నిలబడి కేకేస్తే బోటు మీదున్నోడు ఎనక్కి తిరిగేవోడు. ఆవిడ ఎవుల దగ్గిర తెచ్చుకుందో నాకు తెల్దు. ఇంక కోపమంటావా, అది మీ నాన్నది కాదు. నాది. మా అమ్మ కడుపున ముందు పుట్టింది నాను. నా తరవాతే వోడికొచ్చింది. ఆలిద్దరూ దెబ్బలాడుకుంతే దెబ్బలాడుకోనీ. నా కోపం, మీ అమ్మమ్మ గొంతూ ఆలెవులు ఒద్దనడానికి?"

అది ఓదార్పో కాదో నాకు తెలియదు. కానీ నా మొహం ఇద్దరి మనుషులది మాత్రమే కాదన్న మాట అంతకుముందు నాకెవరూ చెప్పలేదు. కాసేపటికి కాకులు మళ్ళీ వచ్చాయి. లేచి "హోయ్" అని అరిచాను. కాకులే కాదు, దూరంగా వల బాగుచేసుకుంటున్న ఇద్దరు ముసలివాళ్ళు కూడా తలలెత్తి చూశారు. అత్త "అదీ" అంది.

ఆ నెలాఖర్లో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మంచి మార్కులే వచ్చాయి. ఇంటరు ఎక్కడ చదవాలన్న దగ్గర కొత్త తగువు. శ్రీకాకుళంలో హాస్టల్లో చేర్పించాలని నాన్న, రోజూ బస్సులో టెక్కలి వెళ్ళి చదువుకోవచ్చని అమ్మ. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఒకరోజు మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నాం. మధ్యలో అన్నం గిన్నె, పక్కన చేపల పులుసు. నాన్న మొదలుపెట్టాడు.

"ఊళ్ళో ఉంతే అంట్లు తోముకుంటాది గానీ సదువుతాదా?"

"అంట్లు తోమిందనే ఇన్ని మార్కులొచ్చినాయా మరి?"

"నీకేటి తెలుసు సదువు సంగతి?"

"నీకేటి తెలుసు ఆడపిల్ల సంగతి? తొమ్మిది నెల్లు..."

ఆ తొమ్మిది నెలల మాట వచ్చిందంటే ఇక ఆగదు. నేను తలొంచుకుని తింటున్నాను. అప్పుడు నాన్న నా వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పే. ఎవుల మాట రైటు?"

అమ్మ కూడా తిరిగింది. "అవును, సెప్పనీ. నువ్వెవుల వైపే?"

ఇలాంటప్పుడు అంతకుముందు మూడేళ్ళుగా నేను ఏదో ఒకటి నసిగేదాన్ని. ఇద్దరికీ సరిపడేలా ఒక మాట కోసం వెతికేదాన్ని. ఆ రోజు వెతికితే ఏమీ దొరకలేదు. నోట్లో ముద్ద ఉంది. మింగాను.

"నానెవుల వైపూ కాదు. నానన్నం తింతన్నాను."

నేను అనుకున్నదానికంటే చాలా గట్టిగా వచ్చింది. పక్కింట్లో కుక్క మొరిగింది. ఇక అక్కడ కూర్చోలేక కంచం పట్టుకుని లేచి, వీధిలోంచి నడుచుకుంటూ అత్త అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాను. వెనకే చెల్లి వచ్చింది. దాని ఒక చేతిలో కంచం, ఇంకో చేతిలో పులుసు గిన్నె.

"అదెందుకు తెచ్చావే?" అన్నాను.

"మరి కూర నేకుండా ఎలా తింతాం?" అంది.

అత్త ఏమీ అడక్కుండా మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. మేం తింటూ ఉంటే కాసేపటికి నాన్న వచ్చాడు. ఉత్త అన్నం ముందు కూర్చుని లేచి వచ్చాడు పాపం, చేతికి మెతుకులు కూడా ఉన్నాయి. గిన్నె వైపు చూశాడు. ఇంకో నిమిషానికి అమ్మ కూడా వచ్చి వీధిలోనే నిలబడింది. అత్త గుమ్మానికి ఆనుకుని ఇద్దరినీ చూసింది.

"కూర కోసమొచ్చినారా, పిల్లల కోసమొచ్చినారా?"

నాన్న చేతి మెతుకులు దులుపుకున్నాడు.

"ఒరే తమ్ముడా, నువ్వూ నీ పెళ్ళాం దెబ్బలాడుకోండి. వొద్దననే వొద్దనను. మీయిద్దరికీ అదీ ఒక పనే. మజ్జిన ఈ గుంటల్ని కూకోబెట్టి నువ్వెవుల వైపు, నువ్వెవుల వైపు అని అడక్కండి. ఆల్లు ఎవుల వైపుంతే మీకేటి? ఓట్లా?"

అమ్మకి నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నవ్వలేదు. వచ్చి చెల్లి పక్కన కూర్చుని, "ఇటియ్యే" అని పులుసు గిన్నె అందుకున్నాడు. అత్త లోపలి నుంచి అన్నం తెచ్చింది. ఆ పూట అందరం ఆ అరుగు మీదే తిన్నాం. హాస్టలు మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజుతో అన్నీ మారిపోయాయని చెప్పలేను. వారం తిరక్కుండానే ఇంకోటి వచ్చింది. కానీ మాకు ఒక పద్ధతి తెలిసింది. గొంతులు పెరిగితే మేమిద్దరం కంచాలో, పుస్తకాలో, ఏవి చేతిలో ఉంటే అవి పట్టుకుని అత్త అరుగు మీదికి వెళ్ళేవాళ్ళం. కోపంతో కాదు, అలిగీ కాదు. వెళ్ళేటప్పుడు "అత్తకాడికెల్తన్నాం" అని చెప్పి మరీ వెళ్ళేవాళ్ళం. మొదట్లో నేను లేకపోతే దెబ్బలాట ఇంకా పెద్దదవుతుందేమో, ఇల్లు ఏమైపోతుందో అనుకునేదాన్ని. ఏమీ అయ్యేది కాదు. గంటలో తిరిగి వస్తే ఒకరు చేపలు తోముతూ, ఒకరు టీవీ చూస్తూ ఉండేవారు. నేను అడ్డం పడ్డప్పుడు ఎంతసేపు సాగేదో, పడనప్పుడూ అంతే సాగేది. ఒక్కోసారి ముందే ఆగిపోయేది.

కాలేజీలో చేరే గడువు దగ్గరపడ్డాక నాన్న ఒక ఉదయం నన్ను ఒడ్డుకి రమ్మన్నాడు. పడవ నీడలో కూర్చున్నాం. సముద్రం వైపే చూస్తూ అడిగాడు.

"నానింటికొస్తే మీకు కష్టమా?"

"వస్తే కాదు నాన్నా. మమ్మల్నడిగితే కష్టం."

తలాడించాడు. మళ్ళీ తనే అన్నాడు.

"బోట్లో నాకు తొంగోడానికి ఒక సెక్కుంటాది. మూరెడు ఎడల్పు. అది నాదని అందరికీ తెలుసు. ఎవులూ దాని మీద కాలెట్టరు. ఇంటికొస్తే ఏది నా జాగాయో తెలీదే. మీయమ్మ అన్నీ బాగానే సేసుకుంటాది. అదే నాకు..." అని ఆపేశాడు.

తగువుల సంగతి మాట్లాడేటప్పుడు నాన్న మాటల్లో అమ్మ మీద కోపం లేకపోవడం నేను మొదటిసారి విన్నాను. ఆ తగువులకి నేను కారణం కాదని అప్పుడు తెలిసింది. అది వాళ్ళిద్దరి మధ్య ఉన్న కష్టం. నేను ఎన్ని మార్కులు తెచ్చినా, ఎంత నెమ్మదిగా మాట్లాడినా తీరేది కాదు. చెప్పుకుంటే సిగ్గుగానీ, ఆ పూట నాకు చాలా తేలిగ్గా అనిపించింది. "మరి హాస్టలు సంగతి నువ్వేటంతావు?" అన్నాడు లేస్తూ. "ఎల్తాను" అన్నాను. ఇంటికొచ్చి అమ్మకీ అదే చెప్పాను. అమ్మ రెండ్రోజులు మొహం ముడుచుకుని, మూడో రోజు నాకు కొత్త దుప్పటి కొని తెచ్చింది.

హాస్టల్లో నా పాత అలవాట్లు నాతోనే వచ్చాయి. మా గదిలో ఎనిమిది మందిమి. ఏ ఇద్దరికి మాట పడకపోయినా నేను మధ్యలో దూరేదాన్ని, అందరి బకెట్లూ నేనే నింపేదాన్ని, ఎవరైనా మొహం మాడ్చుకుంటే నేనేం చేశానని అడిగేదాన్ని. ఒకమ్మాయి విసిగిపోయి, "నాకు కడుపునొప్పి. నీ గురించి కాదు. ఊరుకో" అంది. అది నాకు మంచి పాఠం. నెమ్మది నెమ్మదిగా మానుకున్నాను. రెండో ఏడు కాలేజీ వార్షికోత్సవంలో మైకు ఆగిపోతే, మిగిలిన కార్యక్రమమంతా నేను మైకు లేకుండా నడిపించాను. పిల్లి అన్న పేరు ఎవరికీ తెలియదక్కడ.

ల్యాబ్ టెక్నీషియన్ చదివి ఇప్పుడు విజయనగరంలో పనిచేస్తున్నాను. రక్తపరీక్షకి వచ్చేవాళ్ళు భయంతో కసురుకుంటారు, వెంట వచ్చినవాళ్ళు రిపోర్టు ఆలస్యమైందని అరుస్తారు. నా తోటివాళ్ళు కంగారుపడతారుగానీ నాకు పెద్దగా అనిపించదు. అరిచేవాళ్ళలో ఎవరు భయపడి అరుస్తున్నారో, ఎవరు అలవాటుగా అరుస్తున్నారో నాకు తెలిసిపోతుంది. ఈ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇది రావడానికి పడింది మాత్రం ఏ పిల్లా పడక్కర్లేదు.

నన్ను వదిలిపోని అలవాటూ ఒకటుంది. మా ఆయన భోగాపురం విమానాశ్రయం పనుల్లో సర్వే పని చూస్తాడు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు హెల్మెట్ కనబడక కాస్త గొంతు పెంచాడు. నేను ఒక్క మాట అనకుండా వంటింట్లోకి వెళ్ళి అలమారలో డబ్బాలన్నీ దింపి తుడవడం మొదలెట్టాను. హెల్మెట్ దొరికి, బండి తాళాలు తీసుకుని అతను వచ్చి చూస్తే నేను కిందంతా పప్పులు పరుచుకుని కూర్చున్నాను.

"ఏటి సేస్తన్నావు?"

"తుడుస్తన్నాను."

"ఇప్పుడా? నాను హెల్మెట్ మీద అరిసినాను. నీ మీద కాదు."

ఆ సాయంత్రం అతనికి మా ఇంటి సంగతులన్నీ చెప్పాను. విని, "అయితే నాతో దెబ్బలాడడం నేర్చుకో. నాను ఎక్కడికీ పోను" అన్నాడు. నేర్చుకున్నాను. ఇప్పుడు బాగానే దెబ్బలాడతాను. అతనికి ఒక్కోసారి ఎందుకు నేర్పానా అనిపిస్తుందేమో.

నాన్న గుజరాత్ వెళ్ళడం మానేసి అయిదేళ్ళు దాటింది. మోకాళ్ళు సహకరించక మానేశాడు. ఏడాది పొడుగునా ఇంట్లో ఉంటే ఏమవుతుందోనని మేమిద్దరం హడలిపోయాం. మొదటి ఏడు కష్టంగానే గడిచింది. చివరికి అమ్మే ఒక ఉపాయం చేసింది. పెరట్లో సగం గీత గీసినట్టు వదిలేసి, "ఈ జాగా నీది మావా. నానిందులో చీపురు కూడా ఎయ్యను" అంది. నాన్న అక్కడ తాటాకు పాక వేసుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేస్తాడు. మధ్యాహ్నం అమ్మ టెక్కలి నుంచి వచ్చేసరికి అన్నం వండి ఉంచుతాడు. ఉప్పు ఎక్కువైందని అమ్మ అంటుంది. అయితే నువ్వే వొండుకో అని నాన్న అంటాడు. మర్నాడు మళ్ళీ వండుతాడు.

పోయిన మే నెలలో చెల్లీ నేనూ ఒకేసారి ఊరికి వెళ్ళాం. సాయంత్రం ఇసకలో నడుస్తుంటే మాటల్లో నేను, మన చిన్నతనంలో ఈ నెలంటే నాకు భయంగా ఉండేదని అన్నాను. చెల్లి ఆగిపోయింది.

"భయమెందుకే? నానైతే ఏడాదంతా ఈ మూడు నెల్ల కోసమే సూసేదాన్ని."

"దెబ్బలాటలు గుర్తు లేవా నీకు?"

"ఉన్నాయి. తాటిముంజెలు కూడా గుర్తున్నాయి."

అది చెప్పేదాకా నాకు ఆ సంగతే గుర్తు లేదు. అది ఒక్కొక్కటే చెప్తుంటే గుర్తొచ్చింది. నాన్న వచ్చిన ప్రతి వేసవిలోనూ తాటి గెలలు నరికించి తెచ్చి పెరట్లో పడేసేవాడు. కత్తి పట్టుకుని గొంతుక్కూర్చుని కాయ కాయా చెక్కేవాడు. మేం వేలు పెట్టి ముంజె పైకి లాగితే నీళ్ళు మొహం మీద చిందేవి. నేను చెల్లి కంటే ఎక్కువ తినేదాన్నట. నాన్న ఏదో అంటే నోరంతా తెరిచి నవ్వేదాన్నట. అలా నవ్వింది ఏ ఏడో మాకిద్దరికీ తేలలేదు. ఏటా నవ్వే ఉంటాను.

అమ్మ కూడా అక్కడే కూర్చునేది. ముదిరిపోయిన కాయలు తెచ్చావని నాన్నని తిట్టేది. తిడుతూనే మా ముగ్గురి కంటే ఎక్కువ తినేది.